ఎడమ కోనులో చిల్లు

"ఎవరూ కదలొద్దు!" అన్నాడు తెత్సుజి.

గదిలో ఉన్న ముగ్గురూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. హోన్మా సగం కొరికిన బియ్యపు బిస్కట్టును నోటి దగ్గరే పట్టుకుని ఉండిపోయాడు. ఆంప్లిఫయర్ వెనక మోకాళ్ల మీద కూర్చుని వైర్లు బిగిస్తున్న కుమాకురా తల పైకెత్తాడు. టీ పళ్లెంతో లోపలికి వస్తున్న ఫుమియే గుమ్మంలోనే నిలబడిపోయింది.

తెత్సుజి వేలు ఎడమ స్పీకర్ పెట్టెను చూపిస్తోంది. స్పీకర్ యూనిట్ బూడిదరంగు కాగితపు కోనులో, మధ్యకు కాస్త పైన, చిల్లు పడి ఉంది. పొద్దున పెట్టెలో బిగించినప్పుడు అది లేదు. మధ్యాహ్నం అందరూ వంటింట్లో నూడుల్స్ తిని వచ్చేసరికి ఉంది.

"ఇది మళ్లీ దొరికేది కాదు," అన్నాడు తెత్సుజి. "తయారు చేసే కంపెనీయే మూతపడింది. దేశమంతా గాలిస్తే మూతపడ్డ ఒక బడిలో, ప్రసారాల గదిలో, ఈ ఒక్క జత మిగిలింది. ఎవరు చేశారు?"

బయట త్సుబామే ఊరంతా ఎప్పటిలాగే స్టీలు ప్రెస్సుల చప్పుడు దబదబమంటోంది. ముప్పై ఏళ్లు తెత్సుజి కూడా అలాంటి ప్రెస్సు ముందే నిలబడి చెంచాలు అచ్చు వేశాడు. ఆ రోజుల్లో చెవుల్లో దూది పెట్టుకునేవాణ్ణి చూసి మిగతావాళ్లు నవ్వేవారు. అందరికంటే గట్టిగా తెత్సుజే నవ్వేవాడు.

"రేపు సంవత్సరీకం," అన్నాడతను. "రేపట్లోగా తేలాలి. మీ అందరికీ తెలుసు."

అందరికీ తెలుసు. కూతురు చిహో పోయాక ఇంట్లో మిగిలిన ఆమె గొంతు ఒకే ఒక క్యాసెట్టులో ఉంది. తొమ్మిదేళ్లప్పుడు బడివాళ్లిచ్చిన వేసవి సెలవుల పని కోసం, ఇదే గదిలో, గాజుపెట్టెలో పెంచిన కీచురాయి కూతను చిహో రికార్డు చేసింది. చిన్న గంట ఊపినట్టు కూసే రకం అది. మధ్యలో తండ్రి గదిలోకి వచ్చాడు. అప్పుడు తండ్రితో అన్న నాలుగు మాటలు కూడా టేపు మీదికి ఎక్కాయి. అంతే. ఆ పిల్ల పెరిగి పెద్దదై, ఆస్పత్రి మంచం మీద సన్నగా అరిగిపోయి వెళ్లిపోయింది.

కూతురు పోయిన నాటి నుంచి తెత్సుజికి ఒకటే పని. ఆ గొంతును ఈ గదిలో ఉన్నదున్నట్టు నిలబెట్టే స్పీకర్ యూనిట్‌ను ఎంచడం. లావు స్వరాలకు ఒకటి, సన్న స్వరాలకు ఇంకొకటి పెట్టి, మనిషి గొంతును నడిమికి కోసే పెట్టెలు అతనికి పనికిరావు. మనిషికి నోరు ఒకటే. స్పీకర్‌కూ నోరు ఒకటే ఉండాలి. మొత్తం స్వరాన్ని ఒక్క కోనే పలికే ఫుల్‌రేంజ్ యూనిట్లు మాత్రమే అతనికి కావాలి. ఎనిమిది సెంటీమీటర్లది తెస్తే ఛాతీ లేని గొంతు వచ్చింది. ఇరవై సెంటీమీటర్లది తెస్తే చిహో నడివయసు ఆడమనిషి అయిపోయింది. అరటినార కోను పెడితే గొంతు మెత్తబడింది. కోను నడుమ ఇంకో చిన్న కోను అతికించిన రకం పెడితే స్పీకర్ల పిచ్చి ఉన్న తమ చిన్న గుంపులో వాళ్లంతా చెవులు మూసుకున్నారు. అతనికి మాత్రం అదే కాస్త నయమనిపించింది. ఎన్ని మార్చినా లోటు ఒక్కటే. కీచురాయి కూయడం లేదు. ఒకప్పుడు ఆ టేపులో తను స్వయంగా విన్న కూత!

మూడు నకళ్లు తీయించాడు. నకళ్లలోనూ కీచురాయి లేదు. నకలు తీసేనాటికే టేపు అరిగి ఉంటుందనే అనుమానం అప్పుడు పట్టుకుంది. పోయిన వారం గుడికి వెళ్లి, సంవత్సరీకం రోజున సమాధి రాయి తెరిపించమని చెప్పి వచ్చాడు. ఈ బడి యూనిట్లలోనూ కూయకపోతే టేపు చచ్చిపోయినట్టే లెక్క. దాన్నీ నకళ్లనూ చిహో అస్థికల పక్కన పెట్టి రాయి మూసేస్తాడు. ఇక ఈ ఇంట్లో ఆ గొంతు ఉండదు.

"హోన్మా!" అన్నాడు తెత్సుజి. "పొద్దున ఎడమది బిగించింది నువ్వే."

"ఆఁ, బిగించాను. అయితే?"

"స్క్రూడ్రైవర్ జారిందా?"

హోన్మా బిస్కట్టును పళ్లెంలో పడేశాడు. అతనూ తెత్సుజీ ఒకే బెంచీలో చదువుకున్నారు. "ఒరేయ్, ఈ ఊళ్లో కోనులో స్క్రూడ్రైవర్ దించినవాళ్లలో మొదటివాడివి నువ్వే. ఆ ఎర్ర అంచు యూనిట్ గుర్తుందా? కోను వెనక అయస్కాంతం లాగేసిందిరా అని ఏడ్చావు. నేను టిష్యూ ముక్క పెట్టి జిగురు రాశాను. అప్పుడు నిన్ను నేనేమైనా అన్నానా?"

"అన్నావు. పాత స్పీకర్ల సంతలో అందరికీ చెప్పావు."

"అదంటే, చెప్పకుండా ఉండలేకపోయాన్రా!"

కుమాకురా లేచి వచ్చాడు. నూడుల్స్ కొట్టు నడిపే మనిషి. గుంపులో అందరికంటే చిన్నవాడు, మాట తక్కువ. చిల్లు మీద టార్చి వేసి చాలాసేపు చూశాడు.

"హోన్మా గారు కాదండీ," అన్నాడు చివరికి. "స్క్రూ బిగించేటప్పుడు జారితే అంచు నుంచి లోపలికి గీత పడుతుంది. కాగితం చీరుకుపోతుంది. ఇది అంచుకు దూరంగా ఉంది, గీత లేదు. పైగా స్క్రూడ్రైవర్ మొన ప్లస్ గుర్తులా ఉంటుంది కదా. ఈ చిల్లు గుండ్రంగా ఉంది."

"అంటే?"

"ఇనుముతో చేసింది కాదు. ఇనుమైతే అయస్కాంతం పక్కకి లాగేది. ఇది సూటిగా దిగింది. వెదురుపుల్ల లాంటిదేదో అయ్యుండాలి."

"అంటే ఎవరో కావాలని పొడిచారు," అన్నాడు తెత్సుజి.

తెత్సుజి ఒక్కొక్కరి మొహంలోకీ చూశాడు. ఇద్దరు స్నేహితులు, ఒక భార్య. ఈ ఊళ్లో అతనికి మిగిలిన మనుషులు ఈ ముగ్గురే.

"నా మీద కడుపుమంటా? మీ అందరి ఇళ్లలో యూనిట్లూ ఎంచిపెట్టింది నేనే కదా. అది నచ్చలేదా?"

హోన్మాకు కోపం ముంచుకొచ్చింది. "నచ్చడమా! నువ్వు ఎంచినవి మా ఇంట్లో పెట్టుకుంటే చెవులు కోసుకుపోతున్నాయిరా! మా ఆవిడ వంటింట్లోంచి గరిటె విసిరింది. నువ్వొచ్చే రోజు తప్ప మిగతా రోజులు ముందర గుడ్డ వేలాడదీసుకుని..."

కుమాకురా అతని చెయ్యి పట్టి లాగాడు. హోన్మా ఠక్కున నోరు మూశాడు.

"గుడ్డా?" అన్నాడు తెత్సుజి. "ఎందుకు?"

"ఏం లేదులే. నోరు జారాను."

"కుమాకురా, నువ్వు చెప్పు. మీ కొట్లో పెట్టిన యూనిట్‌కి కూడా గుడ్డేనా?"

కుమాకురా నేల చూపులు చూశాడు. "మాది మందపాటి తువాలండీ," అన్నాడు మెల్లగా.

తెత్సుజి చాప మీద కూర్చున్నాడు. తను 'ఇదీ' అన్నదాన్ని అందరూ తలూపి తీసుకెళ్లారు. తీసుకెళ్లి తువాలు కప్పారు. ఎందుకో అతనికి అంతు పట్టలేదు. అంతకంటే పెద్ద బాధ ఎదురుగా ఉంది. ఎడమ పెట్టె పోయింది, అతుకు వేస్తే స్వరం మారిపోతుంది, రేపు రాయి తెరుస్తారు, పరీక్ష జరగనే లేదు.

కుమాకురా అతని మొహం చూడలేకపోయాడు. ఓదార్చాలనే నోరు విప్పాడు.

"తెత్సుజి గారూ, ఒక పెట్టె చాలు కదండీ. అది పిల్లల టేపు రికార్డర్. ఒకటే మైకు. రెండు పెట్టెల్లోనూ పలికేది ఒకే శబ్దం. కుడిదానికి ఏమీ కాలేదు. దాంతోనే విందాం."

గుమ్మంలో కప్పులు గలగలమన్నాయి.

"వద్దు," అంది ఫుమియే.

ముగ్గురు మగవాళ్లూ అటు తిరిగారు. టీ పళ్లెంలోకి ఒలికి అంచు మీంచి కారుతోంది. ఆమె చూసుకోలేదు.

"ఒకటి చాలా?" అంది కుమాకురాతో. "ఒకటే చాలా, నాయనా? నాకు తెలీదు. రెండూ ఉంటేనే పాడుతుందనుకున్నాను."

ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగనక్కర్లేకపోయింది. తెత్సుజి లేచాడు. "నువ్వా?"

"నేనే. వంటకు వాడే వెదురుపుల్లతో పొడిచాను. మీరు నూడుల్స్‌లో ఉల్లికాడలు లేవని గొడవ చేస్తున్నారు చూడండీ, అప్పుడు."

"ఎందుకు ఫుమియే? అమ్మాయి గొంతు వినీ వినీ విసుగొచ్చిందా?"

"విసుగా!" ఆమె పళ్లెం దించింది. "రేపు దాన్ని మట్టిలో పెడతానంటున్నారు. ఈ పరీక్ష జరక్కపోతే పెట్టరు. ఇంకో జత కోసం వెతుక్కుంటారు. ఇంకో రెండేళ్లు వెతకండి, పదేళ్లు వెతకండి. వెతుకుతున్నన్నాళ్లూ అది ఇంట్లోనే ఉంటుందనుకున్నాను."

"పరీక్షలో గెలుస్తుందేమో! ఈ యూనిట్లలో కీచురాయి కూస్తుందేమో! గెలవదని నీకెలా తెలుసు?"

ఫుమియే పళ్లెంలో ఒలికిన టీ తుడవసాగింది. హోన్మా కిటికీ వైపు తిరిగాడు. కుమాకురా టార్చి ఆర్పి, మళ్లీ వెలిగించి, మళ్లీ ఆర్పాడు.

ముప్పై ఏళ్ల ప్రెస్సు పని తెత్సుజికి ఒకటి నేర్పింది. చెంచా వంకరగా వస్తే ముందు అచ్చును చూడాలి, తర్వాత రేకును చూడాలి, ఆ తర్వాత నిలబడ్డ మనిషిని చూడాలి. అతను ముగ్గురినీ చూశాడు. ముగ్గురికీ ఏదో తెలుసు. తనకు తెలీదు.

"టేపు పెట్టు కుమాకురా," అన్నాడు. "కుడిదాంట్లో."

"ఏవండీ, వద్దండీ..."

"పెట్టు."

క్యాసెట్టు కదిలింది. మొదట బొంగురు నిశ్శబ్దం. తర్వాత తలుపు జరిగిన చప్పుడు. తర్వాత అడుగులు, తనవే. తర్వాత చిహో గొంతు.

"...నాన్నా, మాట్లాడకు... పాడుతోంది..."

గొంతు బాగుంది. ఇంత నిండుగా ఏ యూనిట్‌లోనూ రాలేదు. కానీ మాటల అంచులు లేవు. ఉన్నితో చుట్టినట్టుంది. అతను ఊపిరి బిగబట్టి ముందుకు వంగాడు. మాటల తర్వాత బొంగురు నిశ్శబ్దం, అంతే. కీచురాయి లేదు.

టేపు ఆగింది. హోన్మా బుగ్గ మీద తడి ఉంది. ఎంత పెద్ద పాట విన్నా వెక్కిరించే హోన్మా!

"నువ్వెందుకు ఏడుస్తున్నావు?" అన్నాడు తెత్సుజి. "అక్కడేం లేదు కదా?"

హోన్మా గొంతు సవరించుకున్నాడు. "చలిగా ఉందిరా. ముక్కు కారుతోంది."

"తిరగండి," అన్నాడు తెత్సుజి.

"ఏంటి?"

"ముగ్గురూ గోడ వైపు తిరగండి. ఒకరి మొహం ఒకరు చూడకూడదు. మన గుంపు పరీక్షే. శబ్దం వినిపిస్తున్నంతసేపూ చెయ్యి ఎత్తి ఉంచాలి, ఆగిపోతే దించాలి. కీచురాయి కూసినప్పుడు ఎత్తండి."

"తెత్సూ, వదిలేయ్‌రా," అన్నాడు హోన్మా.

"నా మీద ఏమాత్రం గౌరవమున్నా తిరగండి. అబద్ధం ఆడొద్దు. ఇన్నాళ్లూ ఆడింది చాలు."

వాళ్లు తిరిగారు. ఫుమియే అందరికంటే చివర తిరిగింది. తెత్సుజి తనే టేపు వెనక్కి తిప్పి మీట నొక్కాడు.

తలుపు జరిగింది. అడుగులు పడ్డాయి. అడుగులు ఆగాయి.

చిహో "నాన్నా" అనకముందే, ఏమీ లేని చోట, ఫుమియే చెయ్యి ఎత్తబోయి దించేసింది. అతను చూశాడు. మాటలు అయిపోయాయి. బొంగురు నిశ్శబ్దం మొదలైంది.

మూడు చేతులూ లేచాయి. ఒకేసారి దిగాయి. మళ్లీ ఒకేసారి లేచాయి. ఈసారి ఎక్కువసేపు పైన ఉన్నాయి. హోన్మా లావుపాటి చెయ్యి, కుమాకురా పిండి మరకల చెయ్యి, ఫుమియే సన్నటి చెయ్యి, ఎవరో దారంతో లాగుతున్నట్టు కలిసి లేస్తున్నాయి, కలిసి దిగుతున్నాయి. అతని చుట్టూ ఉన్నది మాత్రం నిశ్శబ్దమే.

చెవి వైద్యుడి దగ్గరికి వెళ్దామని ఫుమియే ఎన్నిసార్లు అడిగింది! "ఊరికంతా యూనిట్లు ఎంచిపెట్టేవాణ్ణి పట్టుకుని అదేం మాట?" అని ఎన్నిసార్లు నవ్వాడు!

మీట నొక్కి టేపు ఆపాడు. చేతులు గాలిలోనే కాసేపు నిలిచి, దిగాయి.

"ఫుమియే," అన్నాడు. "నాన్నా అనకముందు ఏదో ఉంది. చెయ్యి ఎత్తబోయావు. ఏమిటది?"

ఆమె గోడ వైపే చూస్తూ చెప్పింది. "'ష్ష్' అంటుందండీ. నోటి మీద వేలు పెట్టుకుని. మిమ్మల్ని చప్పుడు చెయ్యొద్దని. ఎప్పుడూ ఉంది. వంటింటి రేడియోలో వేసినా వినిపిస్తుంది. నకళ్లలో కూడా ఉంది."

"కీచురాయి?"

"అదీ ఉంది. కూస్తూనే ఉంది."

అయితే టేపు బతికే ఉంది. పారేసిన యూనిట్లన్నిటిలోనూ కూతురు పలికింది. తొమ్మిదేళ్ల పిల్ల ఇన్నాళ్లూ ఈ గదిలోకి వచ్చి తండ్రిని చూసి వేలు అడ్డంపెట్టి వెళ్లింది. ఏ కాగితం తెచ్చినా, ఏ అయస్కాంతం తెచ్చినా, ఇక అతని చెవిలోకి వచ్చేది లేదు.

హోన్మా ఇటు తిరిగాడు. "నేనే పాడుచేశానని ఒప్పుకుంటాన్రా. ఎడమది, కుడిది, ఏది కావాలంటే అది. దొంగ నేనే అనుకో. అక్కడితో ఆపేద్దాం."

తెత్సుజి తల అడ్డంగా ఊపాడు. రెండు అరచేతులూ ఎత్తి తలకు ఇరువైపులా ఆనించుకున్నాడు.

"నా చెవులు," అన్నాడు పైకి, అందరికీ వినబడేలా. "అమ్మాయిని మింగేసింది నా చెవులే."