అండాలు నక్షత్రం

తాడును రెండో మేకుకు బిగించి, వెంకటనర్సయ్య నడుము వంచి సున్నం డబ్బాను దాని వెంట నడిపించాడు. డబ్బా అడుగున పొడిచిన చిల్లుల్లోంచి తెల్లటి పొడి సన్నగా రాలుతోంది. యూనివర్సిటీ గ్రౌండ్‌లో మధ్యాహ్నం నుంచి కబడ్డీ పోటీలు. ఎండ ముదిరేలోపల కోర్టు గీతలన్నీ పడాలి. ఇన్నేళ్ల అలవాటు మీద తాడు కట్టకపోయినా అతని చెయ్యి తిన్నగానే పోతుంది. ఇవాళ తాడు ఉండి కూడా గీత పక్కకు జరిగింది.

“ఏందే నర్సన్నా, గీత మూసీ లెక్క ఒంకర్లు పోతున్నది?” నీళ్ల పైపు భుజాన వేసుకుని వస్తున్న లచ్చయ్య ఆగాడు. “పొద్దుగాల్నే ఏసినవా ఏంది?”

“గాలికి జరిగింది.”

“గాలా! ఆకు గూడ కదుల్తలేదు గదనే.”

వెంకటనర్సయ్య తాడును మళ్లీ బిగించాడు. లచ్చయ్య అతని ముఖం ఒకసారి చూసి, ఇంకేమీ అడక్కుండా, జరిగిన గీతను చెప్పుకాలితో చెరిపి నీళ్లు చల్లాడు.

లచ్చయ్యకు సంగతి తెలుసు. బ్యాంకు వేలం ప్రకటన పేపర్లో పడిన రోజున ఆఫీసు గదిలోని పేపరుకు ఆ ఒక్క పేజీ లేదు. మధ్యాహ్నం లచ్చయ్య రొట్టెలు కట్టుకొచ్చిన బట్ట పక్కన నూనె మరకలతో నలిగి కనిపించింది. వెంకటనర్సయ్య పేరు, కొడుకు సంజీవ్ పేరు, మౌలాలిలో ఎనభై గజాల ఇల్లు అన్నీ ఆ నూనెలోకి దిగిపోయి ఉన్నాయి. దాని గురించి వాళ్లిద్దరి మధ్య ఇంతవరకు ఒక్క మాట రాలేదు.

సన్నటి మనిషి వెంకటనర్సయ్య. చొక్కా భుజాల మీద హ్యాంగర్‌కు వేసినట్టు వేలాడుతుంది. సున్నం తిని తిని అరికాళ్లు బీటలు వారాయి. ఎంత కడిగినా ఆ బీటల్లో తెలుపు పోదు. భార్య అండాలు ఉన్నప్పుడు రాత్రి పూట ఆ కాళ్లు తన ఒళ్లో పెట్టుకుని కొబ్బరినూనె రాసేది. “ఇంటికి సున్నమెయ్యనీకి డబ్బా అక్కర్లేదు, నువ్వు గోడల మీద నడిస్తే సాలు” అని నవ్వేది.

ఈ సాయంత్రం బ్యాంకువాళ్లు ఆ ఇంటిని కొనేవాళ్లకు చూపించడానికి వస్తున్నారు. వేలానికి ముందు అలా చూపించాలట. చూస్తామని ముందుకు వచ్చింది ఒక్క కుటుంబమే.

“ఆళ్లొక్కళ్లు ఎనక్కి పోతే సాలు నాయినా,” అన్నాడు పొద్దున సంజీవ్. గడ్డం చేసుకోక వారమైంది. టీ గ్లాసు చేతిలో చల్లారిపోతోంది. “వేలంల ఎవ్వరు రాకపోతే బ్యాంకోళ్లు సెటిల్మెంట్‌కు దిగొస్తరు. మేనేజరే అన్నడు. నెల నెల కట్టుకుందం. స్వప్న గూడ వస్తది.”

స్వప్న కోడలు. పిల్లను తీసుకుని భువనగిరిలో తల్లిగారింట్లో ఉంటోంది. ఇల్లు నిలిస్తే కబురు చెయ్యమంది.

“అయితే ఏమంటవు?” అన్నాడు వెంకటనర్సయ్య.

“అమ్మ గీ ఇంట్లనే పోయింది గదా. చెడ్డ నక్షత్రంల పోయిందని చెప్పు. ఇల్లు పాడుబెట్టమన్నరు, మేం పెట్టలేదని చెప్పు. ఆంధ్రోళ్లట. గసుంటియి పట్టించుకుంటరు. మల్ల గీ గడపల అడుగు పెట్టరు.”

వెంకటనర్సయ్య చేతిలో బీడీ అలాగే ఉండిపోయింది.

“ఒక్క అబద్ధం నాయినా. నేను చెప్తె నమ్మరు. నీ మొఖం చూస్తె నమ్ముతరు.”

అది అబద్ధం కాదని సంజీవ్‌కు తెలియదు.

అండాలు పోయిన రోజు మధ్యాహ్నానికే ఊపిరి ఎగపోసుకోవడం మొదలైంది. చూపు మాత్రం తలుపు మీదే ఉంది. సంజీవ్ తార్నాకలోని తన కోచింగ్ సెంటర్‌లో క్లాసు చెబుతున్నాడు. కానిస్టేబుల్ పరీక్షకు నూరు మంది పిల్లలు కిక్కిరిసి కూర్చునే రోజులవి. కొడుకు వచ్చేదాకా ఆ ప్రాణం గుప్పిట్లో పట్టుకున్నట్టు ఆగింది. వాడు వచ్చి “అమ్మా” అన్నాకే పోయింది. పంతులు లెక్క చూసి నర్సయ్యను పక్కకు పిలిచాడు. “జర ముందు పోతే శ్రవణంల పోతుండె. ధనిష్ఠ పడ్డది నర్సయ్యా. ఆరు నెలలు ఇల్లు పాడుబెట్టాలె.”

గోడలు లేపిన ఎండాకాలంలో, కడుపులో సంజీవ్‌ను మోస్తూ, బోరింగు నుంచి బిందెలు తెచ్చి పొద్దూ మాపూ ఆ గోడలకు నీళ్లు పట్టిన మనిషి అండాలు. ఆమె వెనకాల ఆ ఇంటికి తాళం వేసి, ఆమె ఎక్కడ తిరిగి వస్తుందో అన్నట్టు పారిపోవాలా? కొడుకు కోసం ఆగడమే ఆమె చేసిన తప్పా? “మంచిదే అన్నడు పంతులు” అని నర్సయ్య కొడుక్కి చెప్పి, పంతులు కాళ్లు పట్టుకుని ఆ మాటను అక్కడే ఆపేశాడు.

ఆ మూడో నెలకే లాక్‌డౌన్ వచ్చింది. కోచింగ్ సెంటర్ మూతపడింది. దానికోసం ఇంటి మీద తెచ్చిన అప్పు పెరుగుతూ పోయింది. నిద్రపట్టని వేళల్లో అతనికీ అనుమానం వచ్చేది, ధనిష్ఠ ఏమో అని. వెంటనే తనను తాను తిట్టుకునేవాడు. ప్రపంచమంతా తలుపులు మూసుకుంది, అందరి ఇళ్లలోనూ అండాలే పోయిందా?

మధ్యాహ్నం ఆటల్లో చెరిగిన గీతలు మళ్లీ వేశాక లచ్చయ్య దగ్గరికి వచ్చి డబ్బా అందుకున్నాడు.

“నువ్వు పో. పీడీ సారు అడిగితే డాక్టరు తాన్కి పోయిండని చెప్తా.”

“నాకేం రోగమున్నదే?”

“నీకు లేదు, నాకున్నది. నీ మొఖం చూస్తుంటె నాకు జొరమొస్తున్నది. పోవే.”

తార్నాక కూడలిలో సంజీవ్ సెంటర్ ఉన్న మేడ కింద ఇప్పుడు బిర్యానీ హోటల్ నడుస్తోంది. పై అంతస్తులో పాత బోర్డు సగం ఊడి, పోలీసు టోపీ బొమ్మ ఒక్కటే మిగిలింది. వెంకటనర్సయ్య దానివైపు చూడకుండా షేర్ ఆటో ఎక్కాడు. లాలాపేట దాటేదాకా లోపల ఒక్కటే మాట తిరుగుతోంది. చెప్పడానికి అడ్డేముంది? నిజమే కదా. పాపం కూడా కాదు. ఇల్లు నిలుస్తుంది, పిల్ల ఇంటికొస్తుంది. చచ్చిపోయిన మనిషికి నక్షత్రంతో పనేమిటి?

ఇంటి ముందు కారు అప్పటికే ఆగి ఉంది.

బ్యాంకు తరఫున వచ్చిన శివకుమార్ కుర్రవాడు. గడప దగ్గర వంగి బూట్ల లేసులు విప్పుకుంటున్నాడు.

“షూస్ ఎందుకిప్పుతున్నరు సార్?” అన్నాడు సంజీవ్ గోడకు ఆనుకుని. “ఇల్లు మీదే గదా. ఏసుకొనే తిరుగురి.”

శివకుమార్ ముఖం ఎర్రబడింది. అయినా విప్పాడు. రెండు బూట్లనూ గోడవారగా సర్దిపెట్టి లోపలికి వచ్చాడు. అది చూసి వెంకటనర్సయ్యకు గుండె మీద బరువు కొద్దిగా సడలింది.

వచ్చిన దంపతులు పెద్దవాళ్లు. సుబ్బరాయుడుగారు తార్నాకలోని ఒక పరిశోధన సంస్థలో పనిచేసి రిటైరయ్యారు. కాకినాడ నుంచి వచ్చిననాటి నుంచీ అద్దె ఇళ్లేనట. ఇప్పుడున్న ఫ్లాటు కూలగొట్టి కొత్తది కడతామని ఓనరు ఖాళీ చెయ్యమన్నాడట. ఆయన కుళాయిలు తిప్పి చూస్తున్నారు. భార్య కమలాదేవి వంటగది గోడను అరచేత్తో తడిమింది.

“ఏవండీ, ఈశాన్యం మూల ఖాళీగా వదిలారు చూడండి.”

“ముందు నీళ్లొస్తాయో లేదో చూడనీ. ఈశాన్యం ఎక్కడికీ పోదు.”

“ఈయనకి అన్నీ వేళాకోళమే,” అంది ఆవిడ వెంకటనర్సయ్యతో, ఎప్పటినుంచో తెలిసినవాడికి చెప్పినట్టు.

“మున్సిపల్ నీళ్లు రోజు విడిచి రోజొస్తయమ్మా. గా మూలకున్న నల్లా వాషర్ ఎన్నిసార్లు మార్చినా కారుతది,” అన్నాడు అతను. సంజీవ్ పళ్లు కొరకడం అతనికి తెలుస్తూనే ఉంది.

లోపలి గదిలో నవారు మంచం, పైన గోడకు అండాలు ఫొటో. కమలాదేవి ఫొటో ముందు ఆగింది.

“ఆవిడా?”

“నా భార్యమ్మా. అండాలు.”

“అయ్యో. ఎక్కడ పోయారు, ఆసుపత్రిలోనా?”

“లేదమ్మా. గీ అర్రలనే. గా మంచం మీదనే.”

ఆవిడ చెయ్యి మంచం పట్టె మీది నుంచి మెల్లగా వెనక్కి వచ్చింది. సంజీవ్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

“చెప్పు నాయినా. దాచుడెందుకు, కొనేటోళ్లకు తెల్వాలె గదా. నక్షత్రం సంగతి గూడ చెప్పు.”

కమలాదేవి ముఖంలో రంగు మారింది. “నక్షత్రమా? ఏ నక్షత్రంలో పోయారండీ?”

“కమలా,” అన్నారు సుబ్బరాయుడుగారు.

“మీరుండండి. జన్మకో ఇల్లు, అడక్కుండా ఎలా?” ఆవిడ వెంకటనర్సయ్య వైపు తిరిగింది. గొంతులో దబాయింపు లేదు, భయం ఉంది. “చెడ్డ నక్షత్రమైతే చెప్పెయ్యండి బాబూ. మేం వెళ్లిపోతాం. మీ మాట మీదే ఉంది.”

వంటగదిలో కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. శివకుమార్ ఫోను జేబులో పెట్టేసి నేల చూస్తున్నాడు. కొడుకు చూపు తన చెంప మీద నిప్పుసెగలా తగులుతోంది. నాలుక చివర ఆ మాట సిద్ధంగా ఉంది. మూడు అక్షరాలు. అంటే చాలు, వీళ్లు కారెక్కుతారు. ఆ తర్వాత ఈ గల్లీలో, ఆఫీసులో, తార్నాకలో, అండాలు చెడ్డ చావు చచ్చి ఇంటిని ముంచిన మనిషి అవుతుంది. ఇల్లు నిలిచినా ఆ మాట గోడల్లో నిలుస్తుంది. రేపు మనవరాలు ఆ ఫొటో కింద నిద్రపోవడానికి జడుస్తుంది.

“మంచి నక్షత్రమే అమ్మా,” అన్నాడు. “శ్రవణం. పంతులు సొయంగ చూసి చెప్పిండు.”

సంజీవ్ ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

“నిజంగానా బాబూ?”

“కొడుకొచ్చేదాంక ఆగింది. ఆని మొఖం చూసి పోయింది. అంత మంచిగ పోయింది.”

కమలాదేవి ఫొటోకు దణ్ణం పెట్టుకుంది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, అడగనా వద్దా అన్నట్టు అడిగింది. “మరి ఇల్లెందుకు పోతోందండీ మీకు?”

“అప్పు మేం చేసినమమ్మా. ఇల్లు ఏం చేసింది, పాపం? అది మంచిదే.”

“మేం తీసుకుంటే మనసులో కష్టపెట్టుకోరు కదా?”

“కష్టం ఉంటదమ్మా. మీ మీద ఉండదు.”

కారు గల్లీ మలుపు తిరిగేదాకా సంజీవ్ కదలలేదు. ఆ తర్వాత గుమ్మం మెట్టు మీద కూలబడి రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

“ఒక్క మాట నాయినా. నా కోసం కాకపోయినా పిల్ల కోసమన్న. ఒక్క అబద్ధం చెప్పనీకి నీకు నోరు రాకపాయె.”

వెంకటనర్సయ్య కొడుకు పక్కన కూర్చున్నాడు. ఎదురుగా మౌలాలి దర్గా గుట్ట మీద దీపాలు వెలుగుతున్నాయి. వాడి వీపు మీద చెయ్యి వేస్తే వాడు విదిలించలేదు.

“వచ్చింది బిడ్డా,” అన్నాడు.

సంజీవ్ తల ఎత్తి చూశాడు. అతనికి అర్థం కాలేదు.

వేలంలో ఇల్లు వాళ్లకే వచ్చింది. సుబ్బరాయుడుగారు శివకుమార్ చేత కబురు పంపారు, తొందరేం లేదు, వీలు చూసుకునే కదలమని. బౌద్ధనగర్‌లో రెండు గదులు అద్దెకు దొరికాయి. ఖాళీ చేసే ముందురోజు స్వప్న ఎవరూ పిలవకుండానే భువనగిరి బస్సు దిగి, పిల్లను లచ్చయ్య చేతికిచ్చి, కొంగు బిగించి సామాన్లు కట్టింది. మామతో మాట్లాడలేదు. మధ్యాహ్నం మాత్రం అతని పళ్లెంలో అన్నం తనే పెట్టింది.

ట్రాలీ ఆటోలో మంచం, బీరువా, మూటలు ఎక్కాయి. ఫొటోను వెంకటనర్సయ్య ఒళ్లో పెట్టుకున్నాడు. సంజీవ్ తాళంచెవి శివకుమార్ చేతిలో పెట్టి వెనక్కి చూడకుండా ఎక్కాడు. ఆటో గుట్ట కిందుగా తిరిగి రోడ్డెక్కింది.

సాయంత్రం కమలాదేవి వచ్చి గేటు తీసేసరికి వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి ఉంది. గోడ నీడలో ఇసుక మీద కూర్చోబెట్టిన మట్టి రంజన్ కుండ ఒకటి, మంచినీళ్లతో నిండుగా, ఒళ్లంతా చెమర్చి, మూత మీద బోర్లించిన స్టీలు గ్లాసుతో.