సారమ్మ లైఫ్ జాకెట్

సారమ్మకు దేవుడంటే భక్తి, నీళ్లంటే చచ్చేంత భయం. చిన్నప్పుడు ఊళ్లో దిగుడుబావిలో జారిపడిన నాటి నుంచి ఆమె చెంబుతో పోసుకునే స్నానం తప్ప మరొకటి ఎరగదు. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, మీర్‌పేట్‌లో ఆమె వెళ్లే చర్చిలో నిండా మునిగితేనే బాప్తిస్మం, ఆ బాప్తిస్మం ఉంటేనే ప్రభు బల్ల దగ్గర పంచే రొట్టెలో వంతు. నెలకోసారి రొట్టె పళ్లెం వరుసలన్నీ తిరుగుతూ వచ్చి, ఆమె ముందు ఆగకుండా పక్కమనిషి చేతికి దాటిపోయేది. ఆ క్షణం సారమ్మ కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నట్టు నటించేది. మనసు మాత్రం చివుక్కుమనేది. ఎబినేజర్ పాస్టరు ఏటా పిలుస్తూనే ఉన్నాడు. ఒక ఏడు జలుబు, ఒక ఏడు మోకాళ్లు, ఒక ఏడు బీపీ. సాకులకు కరువా?

ఈ వేసవిలో మనవరాలు బ్లెస్సీకి హుస్సేన్ సాగర్‌లో పిల్లలకు తెరచాప పడవలు నేర్పే క్యాంపులో సీటు దొరికింది. కొడుకూ కోడలూ పనులకు పోవాలి కాబట్టి పిల్లను తీసుకెళ్లి తీసుకురావడం సారమ్మ మీద పడింది. నీళ్లంటే గిట్టని మనిషికి చెరువు గట్టున కాపలా! ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కింది మొదలు మలక్‌పేట దాటేదాకా సణుగుతూనే ఉండేది.

"గా నీళ్లల్ల ఏమున్నదే? ఇంట్ల సల్లగ కూసోక!"

"ఏం గాదు నానమ్మా, లైఫ్ జాకెట్ ఇస్తరు" అనేది బ్లెస్సీ.

కోచ్ లలితకుమారిది కాకినాడ. పడవను కావాలని బోల్తా కొట్టించి, మళ్లీ నిలబెట్టగలిగిన పిల్లల్నే ఒంటరిగా వదలడం ఆమె నియమం. బ్లెస్సీ వంతు వచ్చింది. పడవ ఒరిగి ఒరిగి పక్కకు పడిపోయింది. తెరచాప నీళ్ల మీద పరుచుకుంది. పిల్ల కనిపించలేదు. సారమ్మ చెప్పులు వదిలేసి నీళ్ల అంచు దాకా పరుగెత్తి, "బ్లెస్సీ! ఓ బ్లెస్సీ!" అని గట్టు అదిరేలా కేక పెట్టింది. అంతలో తెరచాప పక్క నుంచి నారింజ రంగు జాకెట్ తేలింది, దాని పైన నవ్వుతున్న మొహం. పిల్ల పడవను నిలబెట్టి ఎక్కి కూర్చుంది.

"తెరచాప కింద చీకటైంది నానమ్మా. ఎటు పోవాల్నో తెల్వలే. నీ కేక ఇనబడ్డది, గా దిక్కే వచ్చిన" అంది గట్టెక్కాక.

సారమ్మ చూపు మాత్రం ఆ జాకెట్ మీదే ఉంది. లలితకుమారి దగ్గరికి వెళ్లింది.

"మేడమ్, గిది ఏసుకుంటే నా అసొంటి మనిషి కూడ మునగదా?"

"అస్సలు మునగరండి. తేలిపోతారు."

"జర ఒక్క ఆదివారం ఇయ్యి బిడ్డా. మళ్ల తెచ్చిస్త."

ఎందుకని లలితకుమారి అడగలేదు. పెద్ద సైజు వెతికి మరీ ఇచ్చింది. తిరుగు ప్రయాణంలో సారమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి తెల్లచీర కొనుక్కుంది. జాకెట్ సంగతి బ్లెస్సీకి కూడా చెప్పలేదు.

ఆదివారం తెల్లచీరలో, పైన కప్పుకున్న శాలువాలో సారమ్మ మునుపటి కన్నా బొద్దుగా కనిపించింది. బాప్తిస్మపు తొట్టిలో పాస్టరు ఆమె వీపు కింద చెయ్యి వేసి, ప్రార్థన చేసి, వెనక్కి వంచాడు. సారమ్మ మునగలేదు. ఇంకాస్త గట్టిగా నొక్కాడు. బంతిలా పైకొచ్చింది. తడిసిన శాలువా జారి నారింజ రంగు బయటపడింది.

"ఇదేందమ్మా?"

"జాకెట్ అయ్యగారూ. మునగకుండ."

"మునగనీకే కదమ్మా వచ్చినవ్!"

చర్చి అంతా గొల్లుమంది. పాపం, పాస్టరు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. తర్వాత ఆమె మొహం చూసి, "భయమైతే వచ్చే ఏడు చూద్దాం తియ్యమ్మా" అన్నాడు మెల్లగా. సారమ్మ తల వంచుకుని మెట్ల వైపు తిరిగింది. ఇక ఈ జన్మకు ఇంతేననుకుంది.

మెట్ల మీద బ్లెస్సీ అడ్డంగా నిలబడి ఉంది, మోకాళ్ల లోతు నీళ్లలో, పండక్కి కొన్న గౌను తడుపుకుంటూ. జాకెట్ క్లిప్పులు ఒక్కొక్కటే విప్పింది.

"నువ్వు మునుగు నానమ్మా. నేను ఈడ్నే ఉండి పిలుస్త. నా గొంతు దిక్కు రా."

సారమ్మ పాస్టరు చేతుల్లో వెనక్కి వాలింది. చెవుల నిండా నీళ్లు. అదే చీకటి, అదే దిగుడుబావి. అప్పుడు పైనుంచి, "నానమ్మా! ఓ నానమ్మా!" అని చర్చి అదిరేలా కేక. సారమ్మ ఆ కేక వైపే లేచింది.

ఆ రోజు చర్చిలో అందరి ముందు ఆమె సాక్ష్యం చెబుతూ దేవుడికి, పాస్టరుకు, మనవరాలికి, కాకినాడ మేడమ్‌కు, చివరికి హుస్సేన్ సాగర్‌కు కూడా వందనాలు చెప్పింది. ఎందుకని అడగకుండా జాకెట్ ఇచ్చిన ఆ తల్లి చల్లగా ఉండాలని ఏడ్చింది. వింటున్న వాళ్లు ఓపిగ్గా ఆమెన్ అన్నారు.

తర్వాత రొట్టె పళ్లెం బయల్దేరింది. వరుసలు దాటుకుంటూ వచ్చి, తడి జుట్టుతో కూర్చున్న సారమ్మ ముందు ఆగింది. ఈసారి ఆమె కళ్లు మూసుకోలేదు.