సగం పట్టు

నంద్యాల కాలేజీలో కామర్స్ చెప్పే ఎస్తేరుకు ఒక పిచ్చి ఉండేది. లాభం ఒక్కడి జేబులోకి కాకుండా ఊరంతటికీ చేరేలా వ్యాపారం నడపడమెలా అన్నదే ఆ పిచ్చి. పాఠం చెప్పినా అదే, పీహెచ్‌డీకి కూర్చున్నా అదే. ఆళ్ళగడ్డ అవతల నల్లమల గూడెంలో చెంచులు పెట్టుకున్న తేనె సంఘం మీద మూడేళ్ళు పరిశోధన చేసి, తొంభై ఎనిమిదిలో గ్రంథం ముగించింది.

అందులో ఒక మాట గట్టిగా రాసింది: ప్రతి తేనెపట్టులో సగమే కోసి సగం చెట్టుకు వదిలేస్తున్నారు, శిక్షణ ఇస్తే దిగుబడి రెట్టింపవుతుంది. అధికారులకు అది భలే నచ్చేసింది. పట్టంతా కోయించే పథకం ఖాయం చేయడానికి ఆళ్ళగడ్డలో సమావేశం పెట్టారు. ఎస్తేరును సలహా సంఘంలో వేసుకుంటామన్నారు.

ముందురోజు ఆమె సంబరంగా గూడేనికి పోయి, సంఘం పెద్ద చెంచమ్మకు సంగతి చెప్పింది. చెంచమ్మ ముక్కున వేలేసుకుంది.

"ఏందీ, పట్టంతా కోయల్లనా? ఈగపిల్లలుండేది ఆ సగంలోనే కదమ్మా! అదీ కోస్తే ఈగ మళ్ళా ఈడికి వస్తాదా? వచ్చే ఏడు మా బిడ్డలు ఏం తినల్ల?"

"మూడేండ్లు తిరిగితి కదక్కా, ఈ మాట నాకెప్పుడూ చెప్పకపోతివే!"

"ఎంత కోస్తాండారని అడిగితివి, రాసుకుంటివి. ఎందుకు వదిలిపెడతాండారని అడిగితివా?"

అడిగేవాడికి చెప్పేవాడు లోకువని ఊరికే అన్నారా! ఎస్తేరుకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

మరునాడు అధికారి అజయ్ కుమార్ నవ్వుతూ ఆమెకు మైకు ఇచ్చాడు. అవునంటే సలహా సంఘంలో చోటు, వెనకే డాక్టరేటు. కాదంటే రెండూ గోవిందా! ఎస్తేరు లేచి నిలబడింది.

"నేను తప్పు రాసినా సార్. ఈ పథకం వస్తే అడవిలో ఈగ మిగలదు. నా గ్రంథం వాపసు తీసుకుంటాండా."

అజయ్ కుమార్ మొహం మాడిపోయింది. "ఇన్నేళ్ళ చదువు మట్టిలో కలుపుకుంటారా మేడమ్?"

పథకం ఆగింది. సలహా సంఘంలో చోటు పోయింది. కాలేజీలో వెనక నవ్వుకున్నవాళ్ళు నవ్వుకున్నారు. ఎస్తేరు మొండిది. మళ్ళీ గూడెం చుట్టూ తిరిగి, మొదటి అక్షరం నుంచి రాసుకొచ్చింది. నాలుగేళ్ళు పట్టింది.

పీహెచ్‌డీ చివరి ఇంటర్వ్యూలో పరీక్షకుడు, పెద్ద ప్రొఫెసరు, గ్రంథం తిరగేస్తూ అడిగాడు. "సగం వదిలితేనే సంఘం నిలుస్తుందన్నారు. ఇది ఏ పుస్తకంలో ఉందమ్మా?"

"పుస్తకంలో లేదు సార్. బయట బెంచీ మీద కూచోనుంది. పిలుస్తా, ఉండండి."

చెంచమ్మ చెంగు సర్దుకుంటూ లోపలికొచ్చింది. ప్రొఫెసరు ఆమెను ఎగాదిగా చూశాడు. తర్వాత కళ్ళజోడు తీసి, లేచి, తన పక్కన ఇంకో కుర్చీ వేయించాడు.