వినపడని స్వాగతం

మా దీవుల రాజధాని ఆపియాలో నరాల డాక్టరు పార్కిన్సన్ జబ్బు అని చెప్పినప్పుడు మా నాన్న అడిగింది ఒక్కటే. "గొంతు పోతుందా?"

కొందరికి సన్నబడుతుందనీ, ముఖంలో కదలిక తగ్గుతుందనీ, మాత్రలతో కొన్నేళ్ళు నెట్టుకురావచ్చనీ డాక్టరు బల్లవైపు చూస్తూ గొణిగాడు.

"ఈయన గొంతు నాకన్నా ముందే పోయినట్టుంది," అన్నాడు నాన్న బయటికొచ్చాక. బస్సెక్కాక మాత్రం నా మోచెయ్యి పట్టుకున్నాడు. "పెనీనా, కొత్త చర్చి ప్రారంభం అయ్యేదాకా ఈ మాట ఊళ్ళో ఎక్కడా అనకు."

మా నాన్న తౌలియా మా ఊరి వక్తల్లో ముఖ్యుడు. అతిథులొస్తే మైదానంలో కర్ర ఆనించుకుని, భుజాన కొబ్బరిపీచు చామరం వేసుకుని ఊరి తరఫున స్వాగతం పలికేది ఆయనే. మైకు పెట్టడం మా దగ్గర నామోషీ. ఎవరు మాట్లాడాలో ఊరి వక్తలంతా అతిథుల ఎదుటే నిలబడి వాదించుకుంటారు. పద్దెనిమిదేళ్ళుగా ఆ వాదనలో నాన్న ఓడలేదు. చర్చి ప్రారంభానికి ఇంకా మూడు వారాలుంది. ఆ రోజు తన మాట అవతలి చివర కూర్చున్నవాళ్ళకి చేరాలి. ఆయనకి కావలసింది అంతే.

మా ఇంట్లో డిగ్రీ తెచ్చుకున్నది నేనే మొదలు. డాక్టరిచ్చిన కాగితాలు రెండుసార్లు చదివి, మాత్రల వేళలు రాసి గోడకి అంటించాను. అడిగినవాళ్ళకి నేను పాఠాలు చెప్పే బడి వేళలు అని చెప్పాను.

ఆ దాపరికమంతా దండగ. నాన్న ముఖం బిగుసుకుపోతుంటే ఊరు దానికి పెద్దరికం అని పేరు పెట్టింది. నిరుడు ఈ మనుషులే ఆయన్ని వాగుడుకాయ అన్నారు. ఇప్పుడు ఆయన అడుగులో అడుగేసుకుంటూ వస్తుంటే తలలు వంచి దారి ఇస్తున్నారు.

మేనత్త లంగీ మరీను. "చూడవే, మా తమ్ముడికి ఇన్నాళ్ళకి నాయకుడి ముఖం వచ్చింది. అచ్చం మా తాత ముఖమే."

"తాతకి చెయ్యి కూడా వణికేదా అత్తా?"

"అది దెయ్యం పని. నూనె రాసి మర్దనా చేయిస్తే పోతుంది."

"ఆ దెయ్యానికి వేరే పనేం లేదా అక్కా, నా కుడిచెయ్యి ఊపుతూ కూర్చోవడానికి?" అన్నాడు నాన్న. ముఖం కదల్లేదు. అత్త దాన్ని కూడా గొప్ప మాటలాగే విని తలూపింది.

ప్రారంభం రోజు తొమ్మిదింటికి రావలసిన అతిథులు పన్నెండు దాటాక దిగారు. పొద్దున వేసుకున్న మాత్ర బలం అప్పటికే దిగిపోయింది. రెండోది ఇద్దామని నేను ఆడవాళ్ళ మధ్య నుంచి లేచేసరికి వక్తలు మైదానంలో నిలబడిపోయారు. ఇక అక్కడికి నేను పోకూడదు.

ప్రసంగం తనకి వదలమని నాన్న అడిగాడు. ప్రతిసారీ గంటసేపు అడ్డం తిరిగే సెయూమా, మా చిన్నతాత కొడుకు, ఈసారి ఒక్క మాటకే తగ్గాడు. "మీ ముందు నేనెంత అన్నా. మీరే కానివ్వండి."

"ఆ ముఖం చూశాక ఎవడు వాదిస్తాడు," అని మురిసిపోయింది మా అత్త.

నాన్న పావుగంట మాట్లాడాడు. స్వాగతం అన్న మాట నాకు వినపడింది. ఆ తర్వాత పెదవులు కదలడం కనపడింది, సముద్రపు హోరు వినపడింది. మా వాళ్ళు తమకి తోచిన చోటల్లా భలే అన్నారు. అతిథుల వక్త లేచి, తౌలియా చెప్పిన పడవ పోలిక తన తండ్రికి కూడా చేతనయ్యేది కాదన్నాడు. మూడు వారాలు ఇంట్లో ఆ ప్రసంగం విన్నదాన్ని నేను. అందులో పడవ లేదు. పావురాల వేట ఉంది.

పందిమాంసం, టారో దుంపలు ముందు పెట్టుకుని అందరూ పొగుడుతూనే ఉన్నారు.

"ఒక్కో మాటా ముత్యం," అంది అత్త.

"ఏ మాట అక్కా?"

"అన్నీను."

నాన్న సెయూమా వైపు తిరిగాడు. "నీకేం వినపడిందిరా?"

సెయూమా నమలడం ఆపాడు. "స్వాగతం దాకా."

"తర్వాత?"

"అలలు. మీ చెయ్యి కూడా చూశాను. అందుకే వాదించలేదు."

"నీ జాలి తీసుకెళ్ళి పందులకి పెట్టు. నన్ను ఓడించి ఉంటే ఊరి మాట అవతలికి చేరేది. వచ్చినవాళ్ళకి మనం ఇవాళ పెదవులు చూపించి పంపాం."



సోమవారం పెద్దల సభలో అందరికీ పోసే 'ఆవా' పానీయం కలపడానికి నేనూ కూర్చున్నాను. నాన్న జబ్బు పేరు చెప్పాడు. ఎదురు స్తంభాలకి ఆనుకుని కూర్చున్న పెద్దలు ఎంతో గౌరవంగా తలలూపారు.

"వీళ్ళకి ఒక్క ముక్క వినపడలేదు," అన్నాడు నాన్న పక్కకి వంగి. "సెయూమా, నువ్వు చెప్పు. గట్టిగా."

"అన్నా, అది మీ సొంత విషయం..."

"నీ గొంతుకేం రోగం? చెప్పు."

సెయూమా చెప్పాడు. పార్కిన్సన్ అన్నాడు. తగ్గదు, పెరుగుతుంది అన్నాడు. ఇకమీద తౌలియా మైదానంలో మాట్లాడరు అన్నాడు. "నాకే ముందుగా తెలుసు," అంటూ గడప అవతల మా అత్త ఎవరితోనో చెబుతోంది.

"అయితే ఏం మాట్లాడాలో ఆయనే చెబుతారు, నేను పలుకుతాను," అని ముగించాడు సెయూమా.

"ఆ చివరిది నేననలేదు," అన్నాడు నాన్న.

"నేనంటున్నాను. కాదంటే వాదించండి."

నాన్న మధ్యాహ్నం దాకా వాదించాడు. సెయూమా చాప జరుపుకుని దగ్గరికొచ్చి, చెవి ఒగ్గి, ఒక్కో మాటకీ జవాబిచ్చాడు. ఆ జవాబులు ఎంత నాసిగా ఉన్నాయో నాన్న ఇంటికొచ్చే దారంతా నాకు చెబుతూనే ఉన్నాడు.