సుత్తి మీద కూర్చున్నాను

మా ట్రాక్టరు వెనక చక్రం మూలిగేది. ఇంజను చప్పుడు అందరి బండ్లదీ ఒకటే, ఆ మూలుగు మాత్రం మాదే. అది వినపడగానే కోడలొస్తోందని టీ నీళ్ళు పెట్టేదాన్ని. అవును, మా ఇంట్లో ట్రాక్టరు నడిపేది కోడలే. మావాడు బస్సు డ్రైవరు. ఇంటికొచ్చాక ఇంకో స్టీరింగు మొహం చూడనంటాడు. కోడలు మా పొలంతో పాటు చుట్టుపక్కలవాళ్ళవీ దున్నిపెడుతుంది. ఆ పిల్ల ఎక్కి కూర్చుంటే చాలు, ముసలి బండికి హుషారొస్తుంది.

ఒకరోజు ఆ మూలుగు కాస్తా ఏడుపైంది. మెకానిక్కు జాకీ పెట్టి చక్రం ఊపి చూసి, బేరింగు అరిగింది, ఇరుసుతో సహా మార్చాలన్నాడు. ఖర్చు వినగానే మావాడు పాత ఇనుము కొనేవాడికి ఫోను చేసి, ఆదివారం వచ్చి బండిని తూకానికి పట్టుకుపొమ్మన్నాడు. కోడలు ఆ పూట కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికింది.

మర్నాడు తనూ మా ఆయనా కలిసి చక్రం ఊడదీశారు. ఇరుసు శుభ్రంగా ఉంది, పోయింది బేరింగొక్కటే. కిరసనాయిల్లో కడిగితే రింగు మీద నెంబరు బయటపడింది. కోడలు ట్రాక్టరు సామాన్ల కొట్టుకి పోకుండా, మోటార్ల బేరింగులమ్మే కొట్టుకి పోయి ఆ నెంబరే అడిగింది. అదే కొలత, సగానికి సగం ధర.

అంతా బాగుందనుకునేలోపు మా ఆయన చేతిలోకి సుత్తి వచ్చింది. గడియారం ఆగినా సుత్తే తెచ్చే మనిషి. నాలుగు దెబ్బలకి కొత్త రింగు చిట్లింది. ఆయన మొహం చూసి నాకు తిట్టబుద్ధి కాలేదు.

కోడలు మళ్ళీ పోతే, కొట్లో ఇంకొక్కటే మిగిలిందట. కొట్టతను ఈసారి చెప్పి పంపాడు, కొట్టకండి, నూనెలో వేడిచెయ్యండి, ఉబ్బి తనే ఎక్కి, చల్లారాక బిగుసుకుంటుందని.

"సబ్బు రాసుకుని గాజు ఎక్కించుకున్నట్టన్నమాట," అన్నాను.

"అదే అత్తయ్యా. మామయ్య గాజుని సుత్తితో ఎక్కించబోయారు."

ఆయన వినపడనట్టు ఇరుసు తుడుస్తున్నాడు.

కొత్త మూకుడు కొనిపెడతామన్నాకే నా మూకుడిచ్చాను. అందులో ఇంజనాయిలు పోసి, బేరింగు అడుక్కి తగలకుండా తీగకి వేలాడదీశారు. పొగ రాకుండా మంట చూసుకోవడం నా వంతు. సుత్తిని గోనెపట్టాలో చుట్టి దాని మీదే కూర్చున్నాను.

కోడలు తోలు తొడుగులు వేసుకుని బేరింగు తీసి ఇరుసు మీదకి తోసింది. సగం దాకా జారి ఆగిపోయింది.

"మామయ్యా, వంకరపోయింది. చల్లారితే ఇక కదలదు."

ఆయన చెయ్యి సుత్తి కోసం నేలంతా తడిమింది. "ఎక్కడ పెట్టావే?"

"నా కింద ఉంది. నీకు చేతులున్నాయిగా."

ఆయన చేతులకి గోనెగుడ్డ చుట్టుకుని, రెండువైపులా పట్టి మెల్లిగా సరిచేసి తోశాడు. టుక్కుమని కూర్చుంది. చల్లారిందిలెండి మామయ్యా అని కోడలు నవ్వుతున్నా, ఆయన పట్టు వదల్లేదు.

ఆదివారం పాత ఇనుమాయన వచ్చాడు. కోడలు పాడైన బేరింగులు రెండూ అతని త్రాసులో వేసింది. నేను సుత్తి కూడా వెయ్యబోతే మా ఆయన లాక్కున్నాడు. మావాడు చక్రం ఒకసారి తిప్పి చూసి, బస్సు దగ్గరికి పోయాడు. వెళ్ళేముందు ట్రాక్టరులో డీజిలు పోయించాడని తర్వాత తెలిసింది.

ఇప్పుడు మూలుగు లేదు. టీ ఎప్పుడు పెట్టాలో తెలియడం లేదంటే, కోడలు మలుపులో హారను కొడుతోంది.