గాజుపెట్టెలో నూరడుగులు

క్రేను డ్రైవరుకు మంట పొద్దున పదింటికే మొదలైంది. పొట్టపైన పుట్టి, రొమ్ము వెనకగా పాకి, గొంతులో పుల్లగా నిలిచింది. నూటముప్ఫై మెట్ల నిచ్చెన పైన, నాలుగడుగుల గాజుపెట్టెలో, ముందుకు వంగి, కొక్కెం మీదే చూపు నిలిపి కూర్చున్నాడతను. వంగితే మంట ఎగదన్నుతుంది. వంగకపోతే కింద కట్టడం కనపడదు.

నిన్న వైద్యుడు నాడి పట్టుకుని తేలికైన మాటలే చెప్పాడు.

"అమ్లపిత్తం నాయనా. పులుపూ కారమూ తగ్గించు. రాత్రి నానబెట్టిన ధనియాల నీళ్ళు వడగట్టి తాగు. తిన్నాక వంగి కూర్చోకు, నూరడుగులు నడువు."

"నాది నాలుగడుగుల గదండీ."

"ఉన్నచోటే నిలబడి వెయ్యి. ఎందుకైనా మంచిది, గుండె కూడా ఒకసారి చూపించుకో."

ఆ చివరి మాటే డ్రైవరుకు మింగుడుపడలేదు. నిరుడు పాత డ్రైవరు రొమ్ములో మంట అని నోరు జారాడు. ఆ పూటే దించేశారు. పరీక్షల్లో ఏమీ తేలలేదు, అయినా మళ్ళీ ఎక్కనివ్వలేదు. ఇప్పుడతను గేటు దగ్గర లారీల నంబర్లు రాసుకుంటున్నాడు. అందుకే ఇతను నోరు కుట్టేసుకున్నాడు. కింద నిలబడి సైగలతో, వాకీటాకీతో దారి చూపే సొంత బావమరిదికి కూడా చెప్పలేదు.

మధ్యాహ్నం తాడుకు వేలాడుతూ క్యారియర్ పైకొచ్చింది. చప్పటి అన్నం తిన్నాడు. సీసాలోని ధనియాల నీళ్ళు రెండు గుక్కలే తాగాడు. మూడో గుక్క తాగితే ఒంటేలుకు దిగవలసి వస్తుంది, దిగితే పని ఆగుతుంది. లేచి, ఖాళీ క్యారియర్‌ను సీటు మీదికి విసిరాడు. తల కప్పుకు తగిలింది. మెడ వంచి, కాలెత్తి, అక్కడే దించాడు. ఒకటి. రెండు.

"ముప్ఫై ఎనిమిది... అబ్బా, గుండెల్లో మంట... ముప్ఫై తొమ్మిది... పొద్దుటినుంచీ చంపుతోంది... నలభై..."

అరవై ఒకటి దగ్గర కిందికి చూశాడు. పని ఆగిపోయి ఉంది. తలలన్నీ పైకి లేచి ఉన్నాయి. బావమరిది రెండు చేతులూ ఊపుతున్నాడు. డ్రైవరు గిర్రున తిరిగి సీటు వైపు చూశాడు. క్యారియర్ వాకీటాకీ మీద పడి, దాని బటన్‌ను అదిమిపట్టి ఉంది.

లాగి పారేశాడు.

"బావా! ఎప్పట్నుంచి బావా ఈ మంట? అక్కకు తెలుసా?"

"పొట్టలోది రా అది! వైద్యుడు అడుగులు వెయ్యమన్నాడు."

"అడుగులా? నీ ఆఖరి శ్వాసలు లెక్కపెట్టుకుంటున్నావని ఇక్కడ మేస్త్రీ ఏడ్చేస్తున్నాడు!"

నవ్వులు వినిపించాయి. వాటిని కోస్తూ సూపర్వైజరు గొంతు వచ్చింది.

"దిగండి."

"ఉత్త పులిత్రేన్పులు సార్..."

"డాక్టరు కాగితం వచ్చేదాకా మీరు పైకెక్కరు. మెల్లగా దిగండి."

ఇనుప మెట్లకు ముఖం ఆనించి దిగసాగాడు. లెక్క దానంతటదే నోట్లోకి వచ్చింది. నూరో మెట్టు మీద పెద్ద త్రేన్పు ఒకటి వెలువడింది. మంట దీపం ఆర్పినట్టు ఆరిపోయింది.

"తగ్గిందిరా!" అని కిందికి కేకేశాడు.

"ముందు దిగు బావా, దిగి చెప్పు."

పైన గాజుపెట్టె ఖాళీగా మెరుస్తోంది. కింద ఇంకా ముప్ఫై మెట్లున్నాయి. గేటు దగ్గర పాత డ్రైవరు రాయడం ఆపి, కూర్చున్న బల్ల మీద కాస్త పక్కకు జరిగి, చోటు చేస్తున్నాడు.