డేగిసాలో నాణెం

మొక్కజొన్న పిండి సరిగ్గా కలిసిందో లేదో తెలియాలంటే చిటికెడు తీసి గ్లాసుడు నీళ్లలో వేయాలి. తేలితే కలిసినట్టు. ఆ శనివారం పొద్దున నాది మూడుసార్లు మునిగింది. సాయంత్రం స్పానిష్ మాట్లాడే మావాళ్ల కోసం పార్టీ పెడుతున్న లాటినో సభకి మూడు వందల టమాలేలు కావాలి, అంటే ఈ పిండిని పొత్తు రేకుల్లో చుట్టి ఆవిరికి ఉడికించే పొట్లాలు. ఎన్నికల ఏడాది ఎండలు ముదిరేసరికి పార్టీకి మేం గుర్తొస్తాం. మేం గుర్తొస్తే టమాలేలు గుర్తొస్తాయి, ఆ వెంటనే ఇమెల్దా గుర్తొస్తుంది. ఇమెల్దా అంటే నేనే. మా ఊరు యూమాలో పార్టీ ఆఫీసు గోడమీద నవ్వుతున్న ఫొటో కూడా నాదే. పదకొండేళ్లుగా వాళ్ల కరపత్రాలు స్పానిష్‌లోకి మారుస్తున్నాను, కాఫీ పెడుతున్నాను, కుర్చీలు సర్దుతున్నాను. జీతం లేదు. "సేవ కదా" అంటారు ఆఫీసులో. "ఊరికే తిరుగుడు" అంటాడు మా ఆయన రొహెలియో. వేళకి తిండి మాత్రం వాళ్లకీ కావాలి, ఈయనకీ కావాలి.

"నీ చెయ్యి ఇవాళ పిండిమీద లేదే కొమాద్రే, ఇటివ్వు," అని కూకా గిన్నె లాక్కుంది. మా అమ్మాయి జ్ఞానస్నానంలో బిడ్డని చేతుల్లో పట్టుకున్నది ఆమే. ఆ రోజు నుంచి ఒకరికొకరం కొమాద్రేలం. సొంత చెల్లెలితోనైనా పోట్లాడవచ్చు గాని కొమాద్రేకి ద్రోహం చెయ్యకూడదంటారు మా వాళ్లు. నేను ఆమె మొహం చూడలేక, మొక్కజొన్న పొత్తుల రేకులు నానబెట్టిన తొట్టివైపు తిరిగాను.

నెల క్రితం జిల్లా బోర్డు సీటుకి నిలబడ్డ పార్టీ మనిషి ఆరోగ్యం బాగాలేదని తప్పుకున్నాడు. ఆ వార్డులో పది ఇళ్లలో ఏడు మావాళ్లవే. అయినా మావాళ్లలో ఒక్కరినీ పార్టీ ఎప్పుడూ నిలబెట్టలేదు. ఈసారి కూకా దరఖాస్తు పెట్టింది. పంతొమ్మిదేళ్లుగా లెట్యూస్ తోటల్లో ఆకు కోసిన మనిషి. పొలాల్లో ఆడవాళ్లకి మరుగుదొడ్లు కావాలని అదే బోర్డు ముందు కాగితం చూడకుండా అరగంటసేపు ఇంగ్లీషులో మాట్లాడి తెచ్చిన మనిషి.

ఆ సంగతి రొహెలియోతో గర్వంగానే చెప్పాను. ఆయన బీన్స్ కలుపుకుంటూ నవ్వాడు. "బాగుంది. ఆవిడ బోర్డులో కూర్చుంటుంది, నువ్వు ఆవిడ సభకి కుర్చీలు వెయ్యి. నీకు బాగా అలవాటేగా." ఆ మాట నన్ను కాల్చుకుతింది. ఆయన మీద రావాల్సిన కోపం కూకా మీదికి ఎలా మళ్లిందో నాకిప్పటికీ తెలియదు. కాదు, తెలుసు. ఆమె అడిగింది. నేను పదకొండేళ్లలో ఒక్కసారీ అడగలేదు. నాకు అసూయ పుట్టింది.

మర్నాడు ఆఫీసులో మేనేజరు ప్రెస్టన్ గొంతు తగ్గించి అడిగాడు. "ఇమెల్దా, నీకు ఆమె బాగా తెలుసు. నెగ్గుకురాగలదా?" నేను కప్పులు కడుగుతూ, "మంచిదే. కానీ కోపమొస్తే ఇంగ్లీషు తడబడుతుంది," అన్నాను. అతని మొహంలో ఎంత ఊరట కనిపించిందో! "మీవాళ్ల సంగతి నువ్వే చెప్తే ఇక మేం ఎవరం కాదనడానికి?" అన్నాడు. వాళ్లు అనలేని మాట నా నోటితో అనిపించుకున్నారు. అది తెలిసీ నేను కప్పులు తుడిచి పెట్టాను. బుధవారం కూకాకి ఫోన్ వచ్చింది, మీరు వద్దని. వచ్చే సోమవారం కమిటీ ఆ సీటుకి ఒక లాయరుని ఓటేసి ఎంచుకుంటుంది. ఇవాళ సాయంత్రం సభలో అతన్ని స్పానిష్‌లో పరిచయం చెయ్యాల్సింది నేను.

"ఎవరో నా ఇంగ్లీషు బాగాలేదని చెప్పారట," కూకా రేకులో పిండి పరుస్తూ అంది. "ఆ నోరు పడిపోను. నువ్వు అక్కడుంటే ఊరుకునేదానివా! చెంప పగలగొట్టేదానివి."

నేను ఇంకో రేకు అందుకున్నాను. పొయ్యిమీద మొదటి విడత టమాలేలు ఉడుకుతున్నాయి; ఆ డేగిసా అడుగున నీళ్లలో మా అత్తగారు ఎప్పుడూ ఒక నాణెం వేస్తుంది. నీళ్లు మరుగుతున్నంతసేపూ అది టకటకమంటుంది. ఆగితే నీళ్లు ఇంకిపోయినట్టు. దాన్ని వినే పని నాది. నాణెం ఎప్పుడు ఆగిందో నేను వినలేదు. మాడు వాసన ఇల్లంతా కమ్మేసింది.

"చెవులు ఎక్కడ పెట్టావే?" అత్తగారు మూత తీసి ఒక టమాలే విప్పింది. లోపల పచ్చిపిండి. "నేననుకుంటూనే ఉన్నా. ఈ వంటింట్లో ఎవరో మనసులో ఏదో పెట్టుకున్నారు. అది కక్కేదాకా ఇవి ఉడకవు. ఎవరే?"

కూకా చెయ్యెత్తింది. "నేనే పెద్దమ్మా. ఆ ప్రెస్టన్ మీద కోపం మింగలేక ఛస్తున్నా. పాపం దాన్నేమీ అనకు. తప్పు నాది."

నా తప్పు కూడా ఆమే నెత్తినేసుకుంటోంది.  ఆమెవైపు తిరిగాను.

"నీ ఇంగ్లీషు గురించి చెప్పింది నేను కూకా."

ఆమె అర్థంకానట్టు నవ్వింది. తర్వాత నవ్వు ఆగింది. చేతిలో ఉన్న టమాలే పూర్తిగా మడిచి, కట్టి, పళ్లెంలో పెట్టింది. చెంబుతో నీళ్లు తీసుకుని డేగిసాలో పోసింది. "జనం తినాలి కదా," అంది, నాతో కాదు, అత్తగారితో.

అప్పుడు నావైపు తిరిగింది. "ఎందుకు?"

"నువ్వు అడిగావు గనక. నేను అడగలేదు గనక."

"ఏడవకు. నేను ఓదార్చను," అంది. అంత కోపంలోనూ మాట తడబడలేదు.

చెయ్యి తుడుచుకుని ఫోన్ తీశాను. కూకా వెళ్లిపోలేదు, దగ్గరికీ రాలేదు. గోడకి ఆనుకుని చేతులు కట్టుకుంది. ఫోన్ స్పీకర్లో పెట్టాను. ప్రెస్టన్ హుషారుగా ఎత్తాడు. "ఇమెల్దా! టమాలేలు ఎంతవరకు వచ్చాయి?"

"రాసుకో ప్రెస్టన్," అన్నాను. "ఆ రోజు కూకా ఇంగ్లీషు గురించి నేను నీకు అబద్ధం చెప్పాను. సాయంత్రం మైకులో మీ లాయరు పేరు చెప్పను. ఈ అబద్ధం సంగతే చెప్తాను, స్పానిష్‌లోనూ, ఇంగ్లీషులోనూ."